కావలి కుక్క పగటి నిద్ర

పశువైద్యం చదివి కొత్తగా కొలువులో చేరిన పిల్లలు అప్పుడప్పుడు తిరువళ్ళూరులో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, "మీ కాలంలో పెద్ద పెద్ద జబ్బులు చూసుంటారు, ఏదైనా చెప్పండి సార్" అంటారు. వాళ్ళు వినాలనుకునేది ఊళ్ళకు ఊళ్ళు గొడ్లు తుడిచిపెట్టుకుపోయిన కథలు. నాకేమో ముందుగా గుర్తొచ్చేది ఏ జబ్బూ లేని ఒక కుక్క. అది చేసిన నేరమల్లా పగలు నిద్రపోవడం. ఆ నిద్ర వల్ల ఒక మనిషి జైలు గుమ్మం దాకా పోయాడు. అతన్ని లోపలికి నెట్టే కాగితం మీద సంతకం పెట్టాల్సినవాణ్ణి నేను.

రెండో యుద్ధం రాకముందు మాట. తిరుత్తణి అప్పట్లో చిత్తూరు జిల్లాలో ఉండేది. అక్కడి గొడ్ల ఆస్పత్రికి నేనే డాక్టర్ని. ఆస్పత్రంటే బండలు పరిచిన రెండు గదులు, ముందు రేకుల పంచ, ఎద్దును నిలబెట్టి కట్టడానికి నాలుగు గుంజలు, ఒక కాంపౌండరు. ఎవరి పేరూ రాయడం లేదు, వాళ్ళ మనవలు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉన్నారు. మనుషుల పేర్లు దాచి కుక్క పేరు బయటపెట్టడం న్యాయం కాదు కాబట్టి దాన్నీ కుక్క అనే అంటాను.

ఆ రోజుల్లో నా బుద్ధి కొంచెం వంకరగా ఉండేది. కారణం లేకపోలేదు. తోళ్ళ కోసం గొడ్లకు విషం పెట్టేవాళ్ళు ఆ ఊళ్ళ మీద తిరిగేవాళ్ళు. పాము కరిచిందని రైతు నెత్తీ నోరూ బాదుకుంటుంటాడు. నేను పోయి తోలు తడిమితే విషపు ముల్లు చేతికి తగిలేది. నిన్నటిదాకా ఆ గొడ్డుకు కుడితి పెట్టినవాడే దాన్ని గుచ్చి ఉంటాడు. అలాంటివి కొన్ని చూశాక, చచ్చిన గొడ్డును వదిలి పక్కన ఏడుస్తున్న మనిషి మొహం ముందు చూడటం అలవాటైంది.

మా కాంపౌండరు ఈ విద్యలో నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు. అరక్కోణం వైపు తమిళుడు, తెలుగు తేలిగ్గా మాట్లాడేవాడు. పాలు పోసే ఆమె నవ్వితే నీళ్ళు కలిపిందనేవాడు, నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపిందనేవాడు. అటువంటి ఇద్దరం చేరిన ఆస్పత్రికి ఆ కేసు వచ్చింది.

పళ్ళిపట్టు పక్క ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. భూమీ పుట్రా బాగా ఉన్న తెలుగు కుటుంబం. డెబ్బై దాటిన మనిషి. చేతిలో ఇత్తడి పొన్ను వేసిన కర్ర. పిల్లలు లేరు, భార్య పోయి ఏడాది దాటింది. తమ్ముడితో భాగాలు పంచుకున్నప్పుడు ఉన్న ఒక్క ఇంటికీ నడిమి గోడ కట్టించారు. గోడకు ఇటు ఈయన, అటు తమ్ముడు. మాటల్లేవు.

"నాయనా, నా కుక్కకు ఎవురో మత్తు పెడతా ఉండారు," అన్నాడు, బల్ల మీదికి వంగి గొంతు తగ్గించి. "పగలంతా నిద్ర. మొన్న నట్టనడి పగలు, దాని మూతి కాడ ఉండే రాగి అండా ఎత్తకపోయినారు. అది కన్ను తెరవలా."

అది ఆయన భార్య పిల్లగా తెచ్చి పెంచిన రాజపాళెం జాతి కుక్క, ఇప్పుడు ముసలిది. ఆమె ఉన్నన్నాళ్ళూ ఆమె కాళ్ళ దగ్గరే పడుకునేదట.

"వయసైపోయింది గదా మామా, పగలు నిద్రపోతాది," అన్నాను. మా సొంతూరూ ఆ పక్కే. ఏదో వరస కలిపి మామా అనేవాణ్ణి.

ఆయనకు కోపం వచ్చింది. "కుక్క నిద్రపోవడమేంది? చదువుకొన్నోడివి, తెలీదా? విద్య నేర్చేవోడికి కుక్కనిద్ర ఉండాలని అయివోరు చెప్పలేదా నీకు? కుక్క కండ్లు మూసుకుంటాది, అంతే. అది నిద్రపోయిందంటే దానికి ఎవురో ఏదో చేసినట్టే."

నవ్వకండి. ఈ మాట ఆయన ఒక్కడిదే కాదు. చదువుకునేవాడికి మెలకువ ఉండాలని వీధిబడిలో చెప్పిన మాటను పట్టుకుని, కుక్కకు నిద్రే అక్కర్లేదని మా తరం మొత్తం తేల్చేసుకుంది. కాలేజీలో నాకు ఎద్దు కడుపులోని నాలుగు అరలూ వల్లె వేయించారు గానీ, కుక్క ఎంతసేపు నిద్రపోవాలో ఎవరూ చెప్పలేదు. రోజులో సగం దానికి నిద్రేనని, ముసలిదైతే ఇంకా ఎక్కువని, తర్వాత ఎన్నో ఇళ్ళలో కుక్కల్ని చూసి చూసి తెలుసుకున్నాను.

"ఎవురి మీద సందేగం?" అన్నాడు కాంపౌండరు. అనుమానం మాట వినేసరికి అతనికి అప్పుడే ఆకలి వేసినట్టుంది.

"నా జీతగాడి మీదే. సంగటి పెట్టేది వాడే. మా తమ్ముడు వాణ్ణి కొనేసినాడు."

ఆ జీతగాడి తాత, తండ్రి కూడా ఆ ఇంట్లోనే పనిచేశారు. అతని గుడిసె పెద్దాయన చేను గట్టు మీద ఉంది, భార్యా పిల్లలూ అందులోనే. మత్తు పెట్టాడని తేలితే పనీ పోతుంది, గుడిసే పోతుంది, అండా దొంగతనం కూడా మెడకు చుట్టుకుంటుంది. డాక్టరు మత్తని రాసిస్తే పట్టుకొస్తానని స్టేషన్లో హెడ్డు కానిస్టేబులు అప్పటికే మాట ఇచ్చాడట. ఇక మిగిలింది నా కాగితమే.

మా పై అధికారికి ఈ సంగతి చెబితే నవ్వాడు. "ఎద్దుల్ని చూసుకోవయ్యా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు. ఆయన మాట విని ఉంటే ఈ కథ నాకు తెలిసేది కాదు. జీతగాడి కథ మాత్రం ఎటో ఒకవైపు తెల్లారిపోయి ఉండేది.

మర్నాడు బండి కట్టించుకుని ఆ ఊరు పోయాను. పెద్దాయన ఇంటి ముందు పంచ, దానికి నున్నటి బండలు. ఆయన రాత్రి పడుకునే మంచం అక్కడే. కుక్క ఏదని అడిగితే ఎవరికీ తెలియదు. జీతగాణ్ణి పిలిచారు. నలభై ఏళ్ళ మనిషి, చేతులు కట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు.

"యాడుందిరా కుక్క?" అన్నాడు పెద్దాయన.

"ఈడే యాడో తిరగతా ఉంటాది అయ్యా," అన్నాడు, అంటూనే కొట్టం వైపు ఒకసారి చూసి చప్పున కళ్ళు తిప్పుకున్నాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ చూపు. నేను నేరుగా కొట్టం వెనక్కి పోయాను. గడ్డివామికీ గోడకూ మధ్య సందులో మూడు గోనెపట్టలు మెత్తగా పరిచి, ఎండ పడకుండా పైన తడిక కట్టి ఉంది. దాని మీద కుక్క ఒళ్ళు తెలియకుండా పడి ఉంది. పేరు పెట్టి పిలిచినా లేవలేదు. చప్పట్లు కొట్టాను, లేవలేదు. కాళ్ళు మాత్రం పరిగెత్తుతున్నట్టు సన్నగా అదురుతున్నాయి.

"ఈ పక్క ఎవరు పరిచినారు?"

"నేనే సామీ."

"ఎందుకు?"

"చలికి సామీ."

"మిట్టమధ్యాహ్నం, ఈ ఎండలో చలా?"

అతను వంగి గోనెపట్ట అంచు సర్దాడు. దాచిపెట్టి మత్తు పెట్టడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదని నేను మనసులో రాసేసుకున్నాను.

అయినా పద్ధతి ప్రకారం చూశాను. కనురెప్ప ఎత్తి చూస్తే కంటిపాప మామూలుగానే ఉంది. నల్లమందు పెడితే చుక్కంత అవుతుంది, ఉమ్మెత్త పెడితే కన్నంతా పాపే అవుతుంది. నాలుక, గుండె, ఊపిరి అన్నీ బాగున్నాయి. అప్పుడే ఆగి ఆలోచించాల్సింది. అనుమానం ముదిరినవాడికి ఏమీ దొరక్కపోవడమే పెద్ద సాక్ష్యం. ఆనవాలు మిగలకుండా కొంచెం కొంచెం పెడుతున్నాడన్నమాట, గట్టివాడే అనుకున్నాను.

కుక్కను ఆస్పత్రిలో పెట్టుకుని చూస్తానని తెచ్చేశాను. బండిలో దారి పొడుగునా అది నిద్రపోయింది. ఆస్పత్రికి వచ్చి నా బల్ల కింద చోటు చూసుకుని మళ్ళీ నిద్రపోయింది. గుంజల మధ్య ఎద్దు రంకె వేసినా, లాడాలు కొట్టే సుత్తి మోగినా, స్టేషన్లో రైలు కూత పెట్టినా దానికి పట్టలేదు. తినడానికి లేచేది, బయటికి పోయి వచ్చేది, పడుకునేది.

"మయక్కం సార్," అన్నాడు కాంపౌండరు తృప్తిగా. "లోపల ఉండే మత్తు దిగాల."

కొద్ది రోజులకు దిగింది కూడా. కుక్క కళ్ళలో మెరుపు వచ్చింది. పొద్దున్నే పంచలో కాకుల్ని తరిమింది. కాంపౌండరు చెప్పు ఎత్తుకుపోయి గేటు దగ్గర కొరికింది. రోగం ఆ ఇంట్లో ఉంది, ఇక్కడ లేదు. జీతగాడి చేతి సంగటి మానేయగానే కుక్క బాగుపడింది. ఇక సందేహానికి చోటెక్కడిది? "పార్తీర్గళా సార్, చూసినారా!" అని కాంపౌండరు తొడ చరిచాడు. నేను కాగితం తీసి రాయడం మొదలుపెట్టాను. పెద్దాయనకు కబురు పోయింది.

ఆయన వచ్చిన రోజు నాకు నిన్నటిలా గుర్తుంది. బండి తోలుకొచ్చింది ఆ జీతగాడే. తనను పట్టించే కాగితం కోసం వచ్చే బండిని తనే తోలాడు. ఎద్దుల్ని విప్పి, నీళ్ళు చూపించి, తలుపు పక్కన వచ్చి నిలబడ్డాడు. హెడ్డు కానిస్టేబులు బయట పంచలో బీడీ కాలుస్తున్నాడు. కుక్క మధ్యాహ్నం అన్నం తిని నా బల్ల కింద గాఢంగా నిద్రపోతోంది.

"రాసినావా నాయనా?"

"రాసినాను మామా. సంతకమొక్కటే."

నేను కలం సిరాలో ముంచాను. పెద్దాయన జీతగాడి వైపు తిరిగాడు.

"నీ తాతకు కూడు పెట్టింది ఎవుర్రా? మా తమ్ముడా, నేనా?" అంటూ కోపంలో కర్రను బండ మీద టక్కుమని కొట్టాడు.

బల్ల కింద కుక్క దిగ్గున లేచింది. ఆయన వైపు తిరిగి ఒక్కసారి, ఒకే ఒక్కసారి మొరిగి, చెవులు రిక్కించి నిలబడింది.

"ఊఁ, పండుకో," అన్నాడు పెద్దాయన. దాని వైపు చూడలేదు, తిట్టు ఆపలేదు. "నా ఉప్పు తిని నాకే..."

కుక్క పడుకుంది. మళ్ళీ కర్ర మోగింది. మళ్ళీ లేచి ఒక్కసారి మొరిగింది. మళ్ళీ ఆయన "ఊఁ, పండుకో" అన్నాడు. అన్న సంగతి ఆయనకే తెలిసినట్టు లేదు. కాంపౌండరు కల్వంలో నూరుతున్న చెయ్యి ఆగిపోయింది. అతనూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రైలు కూతకు లేవని కుక్క అది.

"మామా, ఆ కర్ర ఇట్లియ్యండి," అన్నాను.

తీసుకుని బండ మీద కొట్టాను. కుక్క లేచి, నాకు బదులు చెప్పినట్టు మొరిగి, నా నోటి వంక చూస్తూ నిలబడింది. ఒళ్ళు నిద్రతో తూలుతోంది, అయినా పడుకోదు. "ఊఁ, పండుకో" అన్నాక గానీ కాళ్ళు మడవలేదు.

"ఇది ఎవరు నేర్పించినారు?"

"నేనే," అన్నాడు గర్వంగా. "రేత్రి నాకు మెలకువ వచ్చినప్పుడంతా కొడతా. అది పలకతాది. కావలి కుక్క గదా, మేలుకోనుందా లేదా తెలియాల."

"ఎన్నిసార్లు వస్తాది మామా మెలకువ?"

తలుపు దగ్గర నుంచి జీతగాడు మెల్లగా అన్నాడు. "అయ్యకు నిద్రే లేదు సామీ. అమ్మ పోయినప్పటి నుంచీ."

"గమ్మునుండరా!" అన్నాడు పెద్దాయన. గొంతులో మునుపటి ఊపు లేదు.

కలం పక్కన పెట్టి, వయసులో చిన్నవాణ్ణే అయినా చెప్పాల్సింది చెప్పాను. "దీనికి ఎవరూ మత్తు పెట్టలేదు మామా. రేత్రి మీరు దీని నిద్ర చెడగొడతా ఉండారు, పగలు అది తీర్చుకుంటా ఉండాది. ఈడ కర్ర లేదు, కాబట్టి బాగుపడింది. దానికీ మన మాదిరే నిద్ర కావాల. పది ముక్కలు చేసి ఇస్తే అది నిద్ర కాదు."

పెద్దాయన బల్ల కింద కుక్కను చూస్తూ కూర్చున్నాడు. నేను ఆయన నుంచి వాదన వస్తుందనుకున్నాను.

"దొంగోని కోసం కాదు నాయనా," అన్నాడు చివరికి. "చీకట్లో కర్ర కొడితే ఏదో ఒకటి పలకాల. పలక్కపోతే ఆ ఇంట్లో నేనొక్కణ్ణే ఉండానని తెలిసిపోతాది."

విషం ఎక్కడుందో వెతకడమే పనిగా పెట్టుకున్నవాణ్ణి, నా ఎదురుగా ఉన్న దుఃఖాన్ని గుర్తుపట్టలేదు. జీతగాడి వైపు తిరిగాను.

"నీకు తెలుసు గదా. ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే గోడకు ఆ పక్క చిన్నయ్య వింటాడు సామీ. అన్నకు మతి చలించిందని ఊరంతా చెప్పతాడు. పగలు ఇది పండుకుంటే అయ్య కర్రతో అదిలిస్తాడు. అందుకే వామి వెనక పక్క పరిచినా."

తనను పట్టుకుపోవడానికి మనిషి వచ్చి పంచలో కూర్చున్నా అతను ఆ మాట దాచాడు. కాగితం నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేశాను. హెడ్డు కానిస్టేబులు బీడీ ఆర్పి, ఏదో పోగొట్టుకున్నవాడిలా వెళ్ళిపోయాడు.

"రేత్రిపూట కుక్కను కొట్టంలో కట్టేయండి మామా. కర్ర చప్పుడు వినబడకూడదు."

"మరి నాకెవురు పలకతారు?" అని ఆయన అడిగాడు, చిన్నపిల్లవాడిలా.

"నేను పలకతాలే అయ్యా," అన్నాడు జీతగాడు. "పంచలో మెట్టు మీద పండుకుంటా."

పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను. బండి కదిలిపోయాక కాంపౌండరు కూడా తుండుతో మొహం తుడుచుకుని, "ఎన్న ఇరున్దాలుమ్ అండా మాత్రం వీడే తీసుంటాడు సార్," అన్నాడు. ఏదేమైనా అతనికి అనుమానం ముఖ్యం. ఆ అండా ఎవరు తీశారో నాకు ఈ రోజుకీ తెలియదు. అప్పుడప్పుడు నేనూ ఒకరిద్దరిని అనుకుంటూ ఉంటాను.

కాబట్టి నాయనలారా, కుక్క ఎక్కువగా నిద్రపోతోందని ఎవరైనా తీసుకొస్తే దాని కళ్ళూ గుండే చూడండి, తిండి సంగతి అడగండి. ఆ తర్వాత ఆ ఇంట్లో రాత్రి ఎవరు మేలుకుని ఉంటారో అడగండి. దాని నిద్ర ఎటు పోయిందో చాలాసార్లు అక్కడే తెలుస్తుంది. ఈ ఒక్క కేసుతో నేను పెద్ద తెలివైనవాణ్ణని కొన్ని నెలలు పొంగిపోయాను. నలుగురికీ చెప్పుకున్నాను. వేరుశెనగ పీకే రోజుల్లో గొడ్లకు సూదులు వేయడానికి మళ్ళీ ఆ ఊరు పోయేదాకా ఆ పొంగు దిగలేదు.

కుక్క వీధి మలుపు దాకా ఎదురొచ్చింది. ఒళ్ళు నిగనిగలాడుతోంది. నా చుట్టూ గంతులేస్తూ పెద్దాయన పంచ దాకా తీసుకుపోయింది. పంచ మెట్టు మీద, స్తంభానికి తల ఆనించి, నోరు తెరుచుకుని, పట్టపగలు జీతగాడు నిద్రపోతున్నాడు. కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. మనిషి సగమయ్యాడు.

పెద్దాయన నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. గొంతు తగ్గించాడు.

"మంచిగా వచ్చినావు నాయనా. వీణ్ణి ఒకసారి చూడు. ఈ నడుమ పగలంతా నిద్ర. పిలిస్తే లేయడు. మా తమ్ముడు వీడికి ఏందో పెడతా ఉండాడు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "వీణ్ణి నాతో పంపించండి మామా," అన్నాను. "కుక్కకు చేసిన వైద్యమే చేస్తా."

"నేనేం చెప్తా ఉండా, నువ్వేం పరాచికాలాడతా ఉండావు!" అని ఆయన విసుగ్గా కర్రను బండ మీద టక్కుమనిపించాడు.

"ఉండా అయ్యా," అన్నాడు జీతగాడు.

కళ్ళు తెరవలేదు. తల స్తంభం మీద నుంచి కదల్లేదు. నిద్రలోనే పలికాడు.

పెద్దాయన అతని వైపు చూస్తూ ఉండిపోయాడు. కుక్కను చూశాడు, మళ్ళీ అతన్ని చూశాడు.

"ఊఁ, పండుకో," అన్నాడు.

ఆ తర్వాత కర్రను పైకెత్తి చంకలో పెట్టుకుని, గోడ పట్టుకుని, చప్పుడు కాకుండా అడుగులో అడుగు వేసుకుంటూ లోపలికి పోయాడు.